ఇంటి ముందు వీధి ఎవరి సొత్తు?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి, ప్రధాన రహదారిని వదిలి ఏ కాలనీ సందులోకి నడిచినా, రాత్రి తొమ్మిది దాటిన తరువాత కనిపించేది ఒకే దృశ్యం. వీధికి రెండు వైపులా కార్లు, వాటి మధ్య ఇరుక్కున్న స్కూటర్లు, మూలమలుపులో ఒక ఆటో, ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో ‘ఇక్కడ బండి పెట్టరాదు, పెడితే గాలి తీయబడును’ అన్న హెచ్చరిక. ఆ రాత కింద ఏ అధికారి సంతకమూ ఉండదు, ఏ ఉత్తర్వు సంఖ్యా ఉండదు. అయినా ఆ వీధికి అదే శాసనం. చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్, మన్సూరాబాద్, వనస్థలిపురం దాకా కాలనీలలో ఈ గోడరాతల చట్టమే నడుస్తున్నది.

వక్ఫ్ ఆస్తులు, విద్య, ఉపాధి, రిజర్వేషన్లు వంటి గంభీర సమస్యలు చుట్టుముట్టి ఉండగా బండి నిలిపే చోటు గురించి సంపాదకీయమా అని కొందరు పాఠకులకు తోచవచ్చు. కానీ హక్కు అన్నది న్యాయస్థానం మెట్ల మీద మాత్రమే పరీక్షకు నిలిచేది కాదు. రాత్రి పని ముగించుకుని ఇల్లు చేరిన మనిషి తన బతుకుతెరువైన బండిని ఎక్కడ నిలపాలి, ఎవరి అనుమతితో నిలపాలి, నిలిపినందుకు ఎవరు శిక్షించవచ్చు అన్న ప్రశ్నలు కూడా హక్కుల ప్రశ్నలే. వాటికి రాసిపెట్టిన జవాబు లేనిచోట బలవంతుడి మాటే జవాబవుతుంది. ఇరుగుపొరుగులో సంఖ్యాబలం గాని, సొంత ఇల్లు గాని, పలుకుబడి గాని లేనివాడు ఆ మాటకు తలవంచవలసి వస్తుంది. మన సమాజంలో అటువంటివారు ఎందరో మనకు తెలుసు.

అద్దె ఇంట్లో ఉండే ఒక ఆటో డ్రైవర్ పరిస్థితిని ఆలోచించండి. రెండు గదుల వాటా, కింద ఇంటి యజమాని కారు నిలిపే జాగా. ఆటో లోపలికి రాదు. గోడ పక్కన పెడితే ఎదురింటివారు అభ్యంతరం చెబుతారు. నాలుగు ఇళ్ల అవతల పెడితే ఆ ఇంటివారు కాలనీ సంఘానికి ఫిర్యాదు చేస్తారు. ప్రధాన రహదారి మీద పెడితే చలానా. తెల్లవారి చూస్తే టైరులో గాలి ఉండదు, లేదా అద్దం పగిలి ఉంటుంది. ఆ పూట కిరాయి పోతుంది, మరమ్మతు ఖర్చు మీద పడుతుంది, నెల తిరిగేసరికి ‘మీ బండితో గొడవలు వస్తున్నాయి, వేరే ఇల్లు చూసుకోండి’ అన్న మాట వినవలసి వస్తుంది. ముస్లిం కుటుంబానికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి జంకే కాలనీలలో ఈ మాట ఎంత సులువుగా వస్తుందో చెప్పనక్కరలేదు. పేరు చూసి ఇల్లు ఇవ్వనని నోటితో అనలేనివారికి పార్కింగ్ ఒక మర్యాదస్తపు సాకుగా అక్కరకు వస్తుంది.

ఈ స్థితి ఒక్క రోజులో రాలేదు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం ఒకప్పుడు వేర్వేరు పురపాలక సంఘాలు. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల పురపాలక సంఘాలతోపాటు ఇవి కూడా కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడింది. ఈ ప్రాంతపు లేఅవుట్లలో చాలా భాగం అంతకుముందువే. ఇంటికి ఒక సైకిల్ గాని, స్కూటర్ గాని ఉన్న రోజులలో గీసిన ఇరవై అడుగుల, ముప్ఫై అడుగుల వీధులు అవి. అదే వీధిలో విడి ఇల్లు పోయి నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంటు వచ్చింది. వీధి మాత్రం పెరగలేదు. దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు విస్తరించాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో ప్రారంభమైంది. అది నగరానికి మేలు చేసింది. అదే సమయంలో స్టేషన్ల వెనుక కాలనీలు పొద్దున బండి వదిలి రైలెక్కేవారికి నిలుపుదల స్థలాలుగా మారాయి. పగలు ప్రయాణికుల బండ్లు, సాయంత్రం దుకాణాలకు వచ్చేవారి బండ్లు, రాత్రి నివాసుల బండ్లు. ఒకే వీధి మీద మూడు పొద్దుల బరువు పడుతున్నది.

భవన నిర్మాణ నియమాలు ఈ బరువును ముందే ఊహించాయి. 2012 ఏప్రిల్ నాటి 168వ నంబరు జీవో ప్రకారం అపార్ట్‌మెంటు గాని, వాణిజ్య భవనం గాని కట్టేవారు నిర్ణీత విస్తీర్ణాన్ని వాహనాలకే కేటాయించాలి. స్టిల్ట్‌లో గాని, సెల్లార్‌లో గాని అందుకు చోటు చూపించాకే అనుమతి వస్తుంది. ఆ చోటును వేరే అవసరాలకు మళ్లించరాదు. అయితే అనుమతి పొందిన నకలుకూ, కట్టి వాడుతున్న భవనానికీ మధ్య దూరం మనందరికీ తెలిసినదే. కింద కారు నిలపవలసిన చోట దుకాణం, గోదాము, హాస్టల్ వంటగది, ట్యూషన్ గది కనిపిస్తాయి. ఆ భవనంలోని కార్లు వీధిలోకి వస్తాయి. తమ జాగాను అద్దెకిచ్చి ఆదాయం పొందినవారే వీధిని కూడా తమ జాగాగా వాడుకుంటారు. చివరకు నేరమంతా వీధిలో ఆటో నిలిపినవాడిదిగా తేలుతుంది.

మరోవైపు చిన్న బస్తీలున్నాయి. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అవసరం లేకుండా రూపాయి రుసుముతో నమోదు చేసుకునే వీలు కల్పించింది. పేదలకు అది మంచి వెసులుబాటు. అటువంటి ఇంట్లో బండికి లోపల చోటు దొరకడం అసాధ్యమని కూడా ఆ వెసులుబాటే ఒప్పుకుంటున్నది. అంటే అరవై గజాల ఇంటివాడి బండి వీధిలో ఉండడానికి కారణం పేదరికం. ఆరువందల గజాల భవనపు బండి వీధిలో ఉండడానికి కారణం ఉల్లంఘన. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ఒకే చలానా రాయడం న్యాయం కాదు.

ఇక చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాం. పబ్లిక్ వీధి నగరపాలక సంస్థ అధీనంలోని ప్రజల ఆస్తి. ఇంటి దస్తావేజులో రాసిన హద్దు ప్రహరీ గోడతో ఆగిపోతుంది. గోడ బయట నాటిన మొక్కలు, పోసిన ర్యాంపు, పెట్టిన పూలకుండీలు, అడ్డంగా కట్టిన గొలుసు, దిమ్మెలు ఏవీ ఆ హద్దును వీధిలోకి జరపలేవు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ ప్రకారం వాహనాలు నిలిపే స్థలాలను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారమిచ్చిన సంస్థది. అది కూడా స్థానిక సంస్థను సంప్రదించి చేయవలసినది. కాలనీ సంక్షేమ సంఘానికి గాని, ఇంటి యజమానికి గాని ఆ అధికారం ఎక్కడా లేదు.

ఇంటివారికి ఏ రక్షణా లేదని దీని అర్థం కాదు. 1989 నాటి రోడ్డు నియమావళి, దాని స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నియమావళి కూడా కాలిబాట మీద, కూడలి దగ్గర, పాదచారులు దాటే చోట, బస్టాపు దగ్గర, పాఠశాల, ఆసుపత్రి ద్వారాల వద్ద, ఇతరుల ఆవరణ ప్రవేశానికి అడ్డంగా బండి నిలపరాదని నిర్దేశిస్తున్నాయి. కనుక గేటు తెరుచుకునే మేర దారిని ఖాళీగా ఉంచడం ప్రతి ఒక్కరి బాధ్యత. గేటుకు అడ్డంగా బండి పెట్టినవాడు తప్పు చేసినట్లే. అతడు మనవాడైనా సరే. అయితే గేటు వెడల్పు వేరు, గోడ పొడవు వేరు. గేటు ముందు చోటు ఆ ఇంటి రాకపోకలకు రక్షితమైనది. గోడ పక్కన చోటు, వేరే నిషేధం లేనంతవరకు, అందరిది. ఈ ఒక్క తేడాను కాలనీలన్నీ ఒప్పుకుంటే సగం తగాదాలు తీరిపోతాయి.

అసలు చిక్కు ఇంకొక చోట ఉంది. అదే చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలకు మించి ఎవరూ లేకుండా వదిలిన వాహనాన్ని, లేదా నిషేధిత స్థలంలో నిలిపిన వాహనాన్ని, ఆ పరిధిలో అధికారమున్న యూనిఫారంలోని పోలీసు అధికారి తొలగింపజేయవచ్చు, చక్రాలకు తాళం వేయించవచ్చు. ఖర్చు యజమానిదే. లెక్క వేసి చూడండి. రాత్రి తొమ్మిదికి నిలిపిన బండిని మరునాడు ఉదయం ఏడు దాటాక తీస్తే పది గంటలు నిండిపోతాయి. అంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీధులలో రాత్రి నిద్రపోయే బండ్లలో అధికభాగం తెల్లవారేసరికి ఈ సెక్షన్ పరిధిలోకి వచ్చి ఉంటాయి. వాటన్నిటినీ ఎత్తుకుపోవడం ఎవరి వల్లా కాదు. ఎవరూ ఆ పని చేయడం లేదు కూడా. మరి ఎవరి బండి మీద ఈ సెక్షన్ ప్రయోగించాలి? ఫిర్యాదు వచ్చిన బండి మీద. ఫిర్యాదు ఎవరు చేయగలరు? ఠాణాకు ఫోను చేస్తే అవతలివారు పలుకుతారన్న ధీమా ఉన్నవారు.

అందరినీ దోషులను చేసే నియమం, అందులో ఎవరిని పట్టుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛను అధికారికి అప్పగిస్తుంది. ఆ ఎంపికలో దురుద్దేశం ఉండి తీరుతుందని మేము అనడం లేదు. దురుద్దేశం లేని అధికారి కూడా బిగ్గరగా వినిపించే గొంతుకే ముందు స్పందిస్తాడు. ఎంపికకు తావిచ్చే నియమం వల్ల ముందుగా నష్టపోయేది ఎప్పుడూ బలహీనుడే. మైనారిటీల హక్కుల దృష్టితో పార్కింగ్ నియమాలను పరిశీలించవలసిన అవసరం ఇక్కడే పుడుతున్నది.

గాలి తీయడం, అద్దం పగలగొట్టడం, గీతలు గీయడం వంటి సొంత శిక్షల సంగతి వేరు. అవి నేరాలు. భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షన్ ఇతరుల ఆస్తికి ఉద్దేశపూర్వకంగా నష్టం కలిగించడాన్ని శిక్షార్హం చేసింది. బయటకు తీయడానికి వీల్లేకుండా అడ్డుకుని మనిషిని కదలనివ్వకపోవడం 126వ సెక్షన్ కిందికి రావచ్చు. అదే సంహితలోని 285వ సెక్షన్ ప్రజల దారికి అడ్డంకి కలిగించేవారికి ఐదువేల రూపాయల వరకు జరిమానా విధిస్తున్నది. ఇది అడ్డదిడ్డంగా బండి పెట్టినవారికి ఎంత వర్తిస్తుందో, వీధికి అడ్డంగా దిమ్మెలు పాతినవారికీ అంతే వర్తిస్తుంది. శాశ్వతమైన అడ్డంకులు ఉన్నప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. చట్టం రెండు వైపులా పదునున్నదే. తెలిసినవాడి చేతిలోనే అది పనిచేస్తుంది.

ఈ ప్రాంతానికి నిలిపిన వాహనాలకు సంబంధించి ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన బాంబులు పేలి అనేకమంది అమాయకులు బలయ్యారు. ఆ కుటుంబాల దుఃఖం అందరి దుఃఖం. యజమాని లేకుండా వదిలిన బండిపై నిఘా ఉండాలన్న మాటతో ఎవరికీ పేచీ ఉండకూడదు. అయితే ఇదే నగరంలో 2007 మక్కా మసీదు పేలుడు తరువాత ముస్లిం యువకులను అనుమానం మీద పట్టుకెళ్లడం, వారు నిర్దోషులుగా బయటపడటం, ప్రభుత్వమే పరిహారం ప్రకటించవలసి రావడం కూడా చరిత్రే. నిఘా బండిని బట్టి ఉండాలి. అది ఎవరిదో తెలిశాక అతడి పేరును బట్టి మారకూడదు. ఎన్ని గంటలు వదిలితే ఏమి చేస్తారు, ముందుగా ఎలా తెలియజేస్తారు, బండి ఎక్కడికి తీసుకుపోతారు, ఎంత కట్టి విడిపించుకోవాలి అన్నది రాసిపెట్టి ఉంటే భద్రతా పెరుగుతుంది, అనుమానమూ తగ్గుతుంది.

ఇంతవరకు ఇతరుల బాధ్యత గురించి చెప్పాము. మన ఇంటిని కూడా చక్కబెట్టుకోవాలి. శుక్రవారం జుమా సమయంలో కొన్ని మసీదుల చుట్టూ ఏమి జరుగుతున్నదో మనకు తెలుసు. ఖుత్బా మొదలయ్యాక ఆదరాబాదరాగా వచ్చినవారు గేటు, మలుపు, దుకాణపు మెట్టు అని చూడకుండా బండి వదిలి పరుగెడతారు. అరగంటే కదా అన్నది వారి సమాధానం. ఆ అరగంటలో పక్కింటి వృద్ధుడికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎలా వస్తుంది? చంపాపేట వైపు ఫంక్షన్ హాళ్ల దగ్గర మన వలీమా విందులు అర్ధరాత్రి దాటేవరకు సాగుతుంటే వెనుక వీధులలోని కుటుంబాలు తమ ఇంటికి తామే చేరలేని స్థితి ఏర్పడుతున్నది. ఇతర మతాల ఉత్సవాలలోనూ ఇదే జరుగుతున్నదని చూపించి తప్పించుకోలేము. వారి తప్పు మన తప్పుకు సాక్ష్యం కాగలదేమో గాని సమర్థన కాజాలదు.

దారి హక్కు మనకు కొత్త పాఠం కాదు. దారిలోని హానిని తొలగించడం విశ్వాసంలో భాగమని, దారిలో కూర్చునేవారు దారికి దాని హక్కు చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు. దారి వెడల్పు గురించి వివాదం వస్తే ఏడు మూరలు వదలాలన్న నిర్ణయం ప్రామాణిక హదీసు గ్రంథాలలో నమోదై ఉంది. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. ఇంటి గోడను ఆనుకుని వీధిలోకి ఉండే జాగాను ఇస్లామీ న్యాయవేత్తలు ‘ఫినా’ అని పిలిచి, ఆ ఇంటివారికి దానిని వాడుకోవడంలో ప్రాధాన్యం ఇచ్చారు. బాటసారులకు ఇబ్బంది కలగనంతవరకే ఇచ్చారు, యాజమాన్యం ఇవ్వలేదు. గోడ మీద ఎర్ర రంగు రాతలకూ, గేటుకు అడ్డంగా వదిలిన బండికీ రెండింటికీ ఇది జవాబే.

ఈ ప్రాంతపు నేల మీదనే మరొక సాక్ష్యం ఉంది. ఎల్.బి.నగర్ దాటాక హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీ రాకుమారి హయాత్ బక్షీ బేగం పేరు మీద 17వ శతాబ్దపు మసీదు నేటికీ నిలిచి ఉంది. మచిలీపట్నం దారిలో వచ్చే ప్రయాణికుల కోసం దాని చుట్టూ సరాయి గదులు కట్టారు; పక్కనే పెద్ద బావి తవ్వారు. ప్రార్థనకు వచ్చేవాడు, దారిన పోయేవాడు తన వాహనంతో ఎక్కడ ఆగాలన్నది మసీదు కట్టేటప్పుడే ఆలోచించవలసిన విషయమని ఆ కాలంవారికి తెలుసు. నేడు కొత్త మసీదు, షాదీఖానా, మదరసా కట్టేవారు ఆ ఆలోచనను తిరిగి తెచ్చుకోవాలి.

ఏడు మూరల లెక్కను నేటి వీధికి అన్వయించి చూద్దాం. అగ్నిమాపక శకటం వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. ఇరవై అడుగుల వీధి అంటే ఆరు మీటర్ల పైచిలుకు. సాధారణ కారు ఒక మీటరు డెబ్బై సెంటీమీటర్లు. గోడకు వదిలే సందుతో కలిపి రెండు మీటర్లు. రెండు వైపులా కార్లు నిలిపితే మిగిలేది రెండు మీటర్లు చిల్లర. శకటం రాదు. ఒక్క వైపే నిలిపితే నాలుగు మీటర్లు మిగులుతుంది. శకటమూ వస్తుంది, అంబులెన్సూ వస్తుంది, పక్కన మనిషీ నడుస్తాడు. ముప్ఫై అడుగుల వీధిలో రెండు వైపులా నిలిపినా ఐదు మీటర్ల దారి ఉంటుంది. ఈ లెక్కకు మతం లేదు, పలుకుబడి లేదు. టేపు పట్టుకున్న ఎవరికైనా ఒకే జవాబు వస్తుంది. నియమం ఇటువంటి కొలత మీద నిలబడాలి.

ఇతర నగరాలు ఈ దిశలో కొంత నడిచాయి. పుణె నగరంలో ఒక రోజు వీధికి ఒక వైపు, మరుసటి రోజు రెండో వైపు నిలిపే పద్ధతిని పి1, పి2 బోర్డులతో చాలాకాలంగా పాటిస్తున్నారు. ఢిల్లీ ప్రభుత్వం 2019లో తెచ్చిన పార్కింగ్ నియమాలు ప్రాంతాలవారీ ప్రణాళికలు రూపొందించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. 2021లో ఆమోదం పొందిన బెంగళూరు విధానం నివాస వీధులలో ఏడాది అనుమతికి చిన్న కారుకు 1,000 రూపాయలు, మధ్యతరహా కార్లకు 3,000 నుండి 4,000, పెద్ద వాహనాలకు 5,000 ప్రతిపాదించింది. జపాన్ 1962 నాటి చట్టంతో ఇంటికి దగ్గరలో సొంత జాగా గాని, అద్దె జాగా గాని చూపనిదే కారు నమోదు చేయని పద్ధతికి మళ్లింది.

ఇవన్నీ ఉన్నవి ఉన్నట్లు మనకు పనికిరావు. జాగా ఉంటేనే బండి అన్న నియమాన్ని ఇక్కడ యథాతథంగా తెస్తే అరవై గజాల ఇంటివాడు ఆటో నడుపుకోలేడు. అనుమతి పత్రానికి ఇంటి పన్ను రసీదు అడిగితే అద్దెదారులందరూ వీధిలోనే అనర్హులవుతారు. సచార్ కమిటీ 2006లో చూపిన ఒక అంకె ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ముస్లిం పురుష శ్రామికులలో 12 శాతానికి పైగా వీధి వర్తకంలో ఉండగా దేశ సగటు 8 శాతం కన్నా తక్కువ. వీధికి పెట్టే ప్రతి నియమమూ వీధిలో బతికేవారి మీద ఎక్కువగా పడుతుంది. తోపుడు బండి, ఆటో, డెలివరీ స్కూటర్ విలాస వస్తువులు కావు. అవి ఇంటి పొయ్యి వెలిగించే పనిముట్లు. రెండో కారు, మూడో కారు కూడా అదే వరుసలో నిలబడి అదే రాయితీ కోరడం ఉచితం కాదు.

కనుక ప్రభుత్వాన్నీ, నగరపాలక సంస్థనూ, ట్రాఫిక్ పోలీసు శాఖనూ మేము కోరేది ఇది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీలలో ప్రతి వీధినీ కొలిచి, ఏ వైపు నిలపవచ్చో, ఎక్కడ నిలపరాదో గుర్తులు వేసి, ఆ నిర్ణయాన్ని తెలుగు, ఉర్దూ భాషలలో ప్రకటించాలి. అధికారిక సంఖ్య లేని ‘నో పార్కింగ్’ రాతలను, గొలుసులను, దిమ్మెలను యజమాని ఎవరైనా తొలగించాలి. స్టిల్ట్, సెల్లార్ జాగాలను దుకాణాలుగా మార్చిన భవనాలపై ముందు చర్య తీసుకోవాలి. వీధిలోని బండ్ల వంతు ఆ తరువాతే రావాలి. నివాస అనుమతి పద్ధతి తెస్తే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఆధార్‌లోని చిరునామా వంటి ఏదో ఒక ఆధారం సరిపోవాలి. ఇంటికి ఒక జీవనోపాధి వాహనానికి రుసుము ఉండకూడదు. రెండో కారు నుండి ఎక్కువ రుసుము ఉండాలి. బండిని ఎత్తుకుపోయే ముందు ఫోటో, సమయం, సెక్షన్ నమోదు చేసి యజమాని ఫోనుకు పంపాలి. మెట్రో స్టేషన్ల దగ్గర నిలుపుదల స్థలాలు పెరగాలి. లేకుంటే కాలనీల మీద భారం తగ్గదు. రాత్రిపూట ఖాళీగా ఉండే పాఠశాల ఆవరణలు, మార్కెట్ స్థలాలు నామమాత్రపు రుసుముతో ఆటోలకు ఇవ్వవచ్చునా అన్నది కూడా పరిశీలించాలి.

చలానాల విషయంలో మరొక మాట. 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేరుకుపోయిన చలానాలపై భారీ రాయితీలు ప్రకటించింది. 2022లో ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 75 శాతం, తోపుడు బండ్లకు 80 శాతం మాఫీ అయింది. పేదవాడికి అది ఊరట. అయినా, కట్టలేనంత జరిమానా వేసి, కొంతకాలానికి మాఫీ చేయడం కన్నా, పాటించగలిగిన నియమం ముందే చెప్పడం మేలు. ఆ మాఫీలు నియమంలోని లోపానికి ప్రభుత్వమే ఇచ్చుకున్న ఒప్పుకోలు పత్రాలు.

మన వంతుగా చేయవలసినవి అంతకన్నా దగ్గరగా ఉన్నాయి. ప్రతి మసీదు కమిటీ శుక్రవారం నాడు నలుగురు యువకులను వీధిలో నిలిపి, గేట్లు, మలుపులు ఖాళీగా ఉండేలా చూడాలి. నడిచి రాగలిగినవారు నడిచి రావాలి. ఇమాములు ఖుత్బాకు ముందు ఒక నిమిషం ఈ మాట చెప్పాలి. పక్క దుకాణాలవారితో, ఇరుగుపొరుగువారితో ముందే మాట్లాడుకోవాలి. వారిలో ఎవరికైనా ఆ గంటలో అవసరం వస్తే పిలవవలసిన ఫోను నంబరు మసీదు గేటు మీద ఉండాలి. పెళ్లి విందులకు హాలు మాట్లాడుకునేటప్పుడు బండ్ల జాగా ఎంతో అడిగిన తరువాతే బయానా ఇవ్వాలి. కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాలకు వెళ్లాలి, సభ్యత్వం తీసుకోవాలి, అద్దెదారులకు కూడా మాట ఉండాలని పట్టుబట్టాలి. మనం లేని గదిలో తీర్మానం జరిగిపోయాక బయట నిలబడి బాధపడటం వల్ల ప్రయోజనం లేదు.

కార్యకర్తలకు ఒక సులువైన పని. మీ వీధిలో నో పార్కింగ్ అని ఉంటే, అది ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన, ఎంత మేరకు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో నగరపాలక సంస్థనూ, పోలీసు శాఖనూ అడగండి. ముప్ఫై రోజులలో జవాబు రావాలి. ఉత్తర్వు ఉంటే పాటించండి, ఇతరుల చేత కూడా పాటింపజేయండి. లేకుంటే ఆ కాగితమే మీ చేతిలోని రుజువు. తగాదా పెట్టుకోవడం కన్నా ఇది నెమ్మదైన మార్గమే, కానీ నిలబడే మార్గం.

2025 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో రోడ్డు మీద ఈద్ నమాజు చేసేవారి పాస్‌పోర్టులు, లైసెన్సులు కూడా రద్దు కావచ్చని పోలీసులు హెచ్చరించారు. అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు పాదచారులకు అడ్డులేని కాలిబాట రాజ్యాంగపు 21వ అధికరణం కిందికి వచ్చే హక్కు అని స్పష్టం చేసింది. ఒక చోట దారి పేరుతో ఒక సమాజాన్ని భయపెట్టడం, మరొక చోట దారిని పౌరులందరి హక్కుగా గుర్తించడం. ఈ రెండు దారులలో మన నగరం రెండవదానిని ఎంచుకోవాలి. అలా ఎంచుకోవాలని అడిగే నైతిక బలం, మన మసీదు ముందు వీధిని శుక్రవారం మధ్యాహ్నం పక్కింటివారికి తెరిచి ఉంచినప్పుడే మనకు వస్తుంది.

వీధి ఏ ఇంటిదీ కాదు, ఏ సంఘానిదీ కాదు, ఏ మతస్థులదీ కాదు. తెల్లవారుజామున ఆటో తీసేవాడిది, బడికి నడిచే పిల్లది, ఆసుపత్రికి పరుగెత్తే అంబులెన్సుది. అందులో ఏడు మూరలు అందరికోసం వదిలి, మిగిలినదానిని కొలతతో పంచుకునే నియమం రాసిపెట్టమని అడుగుదాం. అది వచ్చేదాకా, ఈ రాత్రి మన బండిని ఎవరి గేటుకూ అడ్డం లేకుండా నిలుపుదాం.